పాత విండోస్‌లో ఫోటోషాప్ మొరాయిస్తే: ఫార్మాట్ కొట్టించే ముందు చేయాల్సిన పనులు

మన ఊళ్లలో ఫోటో స్టూడియోలు, ఫ్లెక్స్ షాపులు, డీటీపీ సెంటర్లు చూడండి. ఇప్పటికీ చాలా చోట్ల విండోస్ 7 మీద ఫోటోషాప్ పాత వెర్షన్లయిన 7.0, సీఎస్3, సీఎస్6 నడుస్తూనే ఉంటాయి. దానికి కారణాలున్నాయి. అను ఫాంట్లు (డీటీపీలో వాడే పాత తరహా తెలుగు ఫాంట్లు) ఆ సిస్టమ్‌లో కుదురుగా పనిచేస్తుంటాయి. ఆల్బమ్ డిజైనింగ్ కోసం ఏళ్ల తరబడి తయారుచేసుకున్న యాక్షన్లు (ఒకసారి రికార్డు చేసి మళ్లీ మళ్లీ వాడుకునే పనుల వరుసలు) అందులోనే ఉంటాయి. పాత ప్రింటర్‌కి కొత్త విండోస్‌లో డ్రైవర్ దొరకదు. అందుకే సిస్టమ్ మార్చరు, మార్చాలని ఒత్తిడి చేయడమూ సరికాదు.

ఇబ్బందల్లా ఫోటోషాప్ మొరాయించినప్పుడు వస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఆల్బమ్ మధ్యలో ఆగిపోతే ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు. మెకానిక్‌ని పిలిస్తే మొదటి మాటే “ఫార్మాట్ కొట్టేద్దాం”. ఫార్మాట్‌తో యాక్షన్లు, బ్రష్‌లు, ఫాంట్లు పోతాయి, కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ లైసెన్సే పోతుంది. పైగా తప్పు హార్డ్ డిస్క్‌లో ఉంటే వారంలో మళ్లీ అదే కథ. ఫోటోషాప్ సమస్యల్లో ఎక్కువ భాగం ఫార్మాట్ లేకుండానే తీరిపోతాయి. ఒక్క నియమం పాటించాలి: ఒకసారికి ఒక్కటే మార్చండి, ఫలితం చూసి తర్వాతి దానికి వెళ్లండి. నాలుగు సెట్టింగ్‌లు ఒకేసారి మారిస్తే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ముందుగా దాచుకోవాల్సినవి

ఫోటోషాప్ తెరుచుకుంటోందంటే యాక్షన్స్ ప్యాలెట్‌లో ఒక్కో సెట్‌నీ ఎంచుకుని, ప్యాలెట్ మెనూలో సేవ్ యాక్షన్స్ నొక్కి, డి డ్రైవ్‌లోనో పెన్ డ్రైవ్‌లోనో పెట్టండి. బ్రష్‌లు, స్టైల్స్ కూడా అలాగే సేవ్ చేయండి. అసలు తెరుచుకోకపోతే సి డ్రైవ్‌లో యూజర్స్, మీ పేరు, యాప్‌డేటా, రోమింగ్, అడోబీ, ఫోటోషాప్ అనే వరుసలో వెళ్లండి. యాప్‌డేటా ఫోల్డర్ మామూలుగా కనిపించదు. ఫోల్డర్ ఆప్షన్స్‌లో ‘షో హిడెన్ ఫైల్స్’ పెట్టుకుంటే కనిపిస్తుంది. అక్కడున్న సెట్టింగ్స్ ఫోల్డర్‌ని మొత్తంగా కాపీ చేసుకోండి. మీరు వేసుకున్న ఫాంట్లకీ ఒక కాపీ ఉండాలి.

తర్వాత వచ్చిన ఎర్రర్ మెసేజ్‌ని ఫోన్‌తో ఫోటో తీయండి. “ఏదో డబ్బా వచ్చింది, ఓకే కొట్టాను” అని చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ వెర్షన్, విండోస్ 32 బిట్టా 64 బిట్టా అన్నది కూడా రాసి పెట్టుకోండి. కంప్యూటర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే తెలుస్తుంది.

తెరుచుకోవడం లేదు, లేదా తెరుచుకోగానే మూసుకుపోతోంది

మొదటి అనుమానం ప్రిఫరెన్సెస్ ఫైల్ మీదే పెట్టాలి. ఫోటోషాప్ మూసుకునేటప్పుడు సెట్టింగ్‌లని ఈ ఫైల్‌లో రాస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోయి, యూపీఎస్ అందుకోకపోతే ఫైల్ సగంలో చెడిపోతుంది. మళ్లీ తెరిచినప్పుడు ఆ చెడిన ఫైల్‌నే చదవబోయి పడిపోతుంది. పరిష్కారం తేలిక. ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేసిన వెంటనే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి నొక్కి పట్టుకోండి. సెట్టింగ్స్ ఫైల్ తీసేయమంటారా అని అడుగుతుంది, ఎస్ అనండి. వేళ్లు ఒక్క సెకను ఆలస్యమైనా ఆ ప్రశ్న రాదు. అలా కుదరకపోతే ఇందాక చెప్పిన సెట్టింగ్స్ ఫోల్డర్ పేరు చివర ‘పాతది’ అని తగిలించండి. ఫోటోషాప్ కొత్త ఫోల్డర్ తానే తయారుచేసుకుంటుంది. నాకు ఈ రెండో పద్ధతే ఇష్టం, ఎందుకంటే ఇందులో ఏదీ పోదు.

అయినా తెరుచుకోకపోతే ప్రింటర్‌ని చూడండి. ఫోటోషాప్ మొదలయ్యేటప్పుడు డిఫాల్ట్ ప్రింటర్‌ని పలకరిస్తుంది. ఆ ప్రింటర్ నెట్‌వర్క్‌లో ఉండి, ఆ సిస్టమ్ ఆఫ్‌లో ఉంటే, లేదా డ్రైవర్ పాడైతే, ఫోటోషాప్ జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో డివైజెస్ అండ్ ప్రింటర్స్‌కి వెళ్లి, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీఎస్ డాక్యుమెంట్ రైటర్‌ని డిఫాల్ట్‌గా పెట్టి తెరిచి చూడండి. తెరుచుకుంటే దోషం ప్రింటర్ డ్రైవర్‌దే.

మూడోది ఫాంట్లు. పెళ్లి కార్డుల సీడీల నుంచి, స్నేహితుల పెన్ డ్రైవ్‌ల నుంచి వేల ఫాంట్లు తెచ్చి వేసేస్తాం. వాటిలో ఒక్కటి చెడిపోయినా టెక్స్ట్ టూల్ పట్టుకోగానే ఫోటోషాప్ పడిపోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌లో మీరు వేసినవాటిని మాత్రమే సగం తీసి బయట పెట్టండి. సమస్య పోతే చెడ్డది ఆ సగంలో ఉన్నట్టు, పోకపోతే మిగతా సగంలో. ఇలా సగాలు చేసుకుంటూ పోతే వెయ్యి ఫాంట్లలో ఉన్నా పది విడతల్లో దొరికిపోతుంది. విండోస్‌తో వచ్చిన టహోమా, ఏరియల్, సెగో లాంటివాటి జోలికి వెళ్లకండి.

ప్లగిన్ల (ఫోటోషాప్‌కి అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రామ్‌ల) సంగతి చివర్లో. ప్లగిన్స్ ఫోల్డర్‌లో మీరు అదనంగా వేసిన ఫోల్డర్ పేరు ముందు టిల్డ్ గుర్తు (~) పెడితే ఫోటోషాప్ దాన్ని వదిలేస్తుంది. తీసేయాల్సిన పని లేదు.

ఎవరు పడగొట్టారో విండోస్‌ని అడగండి

ఈ పని చాలామంది చేయరు. నిజానికి అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇక్కడే ఉంటుంది. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. ఎడమవైపు విండోస్ లాగ్స్, దాని కింద అప్లికేషన్. ఫోటోషాప్ పడిపోయిన టైమ్‌కి ఎదురుగా ఎర్ర గుర్తుతో ‘అప్లికేషన్ ఎర్రర్’ ఉంటుంది. దాన్ని క్లిక్ చేసి ‘ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్’ అనే వరుస చదవండి.

అక్కడ ఎన్‌వీ అక్షరాలతో మొదలయ్యే పేరుంటే ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ అనుకోవాలి. ఏటీఐ అని మొదలైతే ఏఎమ్‌డీ, ఐజీ అని మొదలైతే ఇంటెల్. ‘కూల్‌టైప్’ కనిపిస్తే అది అడోబీ వారి అక్షరాల ఇంజిన్, అంటే అనుమానం ఫాంట్ల మీదికి వెళ్లాలి. ప్రింటర్ కంపెనీ పేరు గుర్తుచేసే ఫైల్ ఉంటే ప్రింటర్ డ్రైవర్. ‘ఎన్‌టీడీఎల్‌ఎల్’ అని ఉంటే మాత్రం తొందరపడకండి. అది విండోస్ సొంత ఫైల్, ఎవరు తప్పు చేసినా చివరికి అక్కడే పడిపోవచ్చు. మూడు నాలుగు సార్లు పడిపోయినప్పటి ఎంట్రీలు పోల్చండి. ప్రతిసారీ ఒకే పేరుంటే దొంగ దొరికినట్టే. ప్రతిసారీ వేరే పేరుంటే ర్యామ్ మీద, డిస్క్ మీద అనుమానం పెట్టుకోండి.

స్క్రాచ్ డిస్క్ ఫుల్, ర్యామ్ చాలదు

ఫ్లెక్స్ పని చేసేవాళ్లని ఎక్కువగా ఏడిపించేది ఈ మెసేజే. దీని వెనకున్న లెక్క తెలిస్తే సగం సమస్యలు రానే రావు.

20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్స్‌ని 72 డీపీఐలో (అంగుళానికి 72 చుక్కలు) చేస్తున్నారనుకోండి. 240 అంగుళాలని 72తో గుణిస్తే 17,280 పిక్సెళ్లు, ఎత్తు 8,640. ఆర్‌జీబీలో ఒక్క లేయర్‌కే దాదాపు 427 ఎంబీ. సీఎంవైకే చేస్తే 570 ఎంబీకి దగ్గర. దాని మీద నాయకుల ఫోటోలు, షాడోలు, గ్రేడియెంట్లు, పైగా హిస్టరీలో 20 స్టెప్పులు వెనక్కి వెళ్లే సౌకర్యం. ఇదంతా ర్యామ్‌లో పట్టదు. మిగిలింది ఫోటోషాప్ హార్డ్ డిస్క్ మీద రాసుకుంటుంది. ఆ చోటే స్క్రాచ్ డిస్క్. మామూలుగా అది సి డ్రైవ్‌లో ఉంటుంది. సి డ్రైవ్‌లో మిగిలింది 3 జీబీ అయితే మెసేజ్ రాక తప్పదు.

ఇదే ఫ్లెక్స్‌ని ఎవరైనా 150 డీపీఐలో చేయమన్నారనుకోండి. వెడల్పు 36,000 పిక్సెళ్లవుతుంది. ఫోటోషాప్ 7.0 పరిమితి 30,000 పిక్సెళ్లే, దాని తర్వాత వచ్చిన సీఎస్ వెర్షన్ నుంచి అది 3,00,000కి పెరిగింది. అంటే 7.0లో ఆ ఫైల్ తయారే కాదు. దానికి ఎంత ర్యామ్ వేసినా ఉపయోగం లేదు. దూరం నుంచి చూసే పెద్ద ఫ్లెక్స్‌కి 72 సరిపోతుంది. 12×36 ఆల్బమ్ షీట్‌కి మాత్రం 300 కావాలి, అది లేయర్‌కి 111 ఎంబీ చొప్పున తీసుకుంటుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. ఫోటోషాప్ తెరుచుకునేటప్పుడు కంట్రోల్, ఆల్ట్ రెండూ నొక్కి పట్టుకుంటే స్క్రాచ్ డిస్క్ ఎంచుకునే పెట్టె వస్తుంది. ఎక్కువ ఖాళీ ఉన్న డ్రైవ్‌ని మొదటిదిగా పెట్టండి. కుదిరితే అది వేరే హార్డ్ డిస్క్ కావాలి. ఒకే డిస్క్‌ని సి, డి అని రెండు ముక్కలు చేసి డి పెడితే చోటు కలిసొస్తుందే గానీ వేగం కలిసిరాదు. పెన్ డ్రైవ్‌ని స్క్రాచ్‌గా ఎప్పుడూ పెట్టకండి.

ఫోటోషాప్ హఠాత్తుగా పడిపోయిన ప్రతిసారీ దాని టెంపరరీ ఫైళ్లు తుడవకుండా మిగిలిపోతాయి. స్టార్ట్ మెనూలో రన్ తెరిచి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య ఇంగ్లీషులో టెంప్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ‘ఫోటోషాప్ టెంప్’ అని మొదలయ్యే ఫైళ్లు ఒక్కొక్కటి జీబీల్లో కనిపించవచ్చు. ఫోటోషాప్ మూసి ఉన్నప్పుడు వాటిని తీసేయండి. స్క్రాచ్‌గా పెట్టిన డ్రైవ్‌లోనూ ఒకసారి వెతకండి.

ఇక ర్యామ్. 32 బిట్ విండోస్‌లో 8 జీబీ వేసినా 4 లోపే వాడుకుంటుంది. ఫోటోషాప్‌కి విండోస్‌లో 64 బిట్ రూపం వచ్చింది 2008లో, సీఎస్4తో. అంతకుముందు వెర్షన్లు ఎంత పెద్ద సిస్టమ్‌లోనైనా కొద్ది జీబీలు దాటి అందుకోలేవు. మెమరీ సెట్టింగ్ 100 శాతం పెట్టేస్తే వేగం పెరుగుతుందని చాలామంది నమ్మకం. అలా చేస్తే విండోస్‌కి ఊపిరాడక మొత్తం సిస్టమ్ నెమ్మదిస్తుంది. 60, 70 శాతం మధ్య ఉంచండి. 7.0లో ఇది ఎడిట్, ప్రిఫరెన్సెస్, మెమరీ అండ్ ఇమేజ్ క్యాష్‌లో ఉంటుంది, సీఎస్3 నుంచి పర్ఫార్మెన్స్‌లో. పెద్ద ఫ్లెక్స్ చేసేటప్పుడు హిస్టరీ స్టేట్స్ 20 నుంచి 8కి తగ్గించుకోండి. మధ్యమధ్యలో ఎడిట్, పర్జ్, ఆల్ కొట్టండి, మెమరీలో దాచుకున్నవి ఖాళీ అవుతాయి. పర్జ్ చేశాక వెనక్కి వెళ్లలేరు, కాబట్టి సేవ్ చేశాకే.

సీఎస్6ని విండోస్ 10లోకి మార్చుకున్నవాళ్లకి ఒక వింత మెసేజ్ వస్తుంటుంది: 96కీ 8కీ మధ్య అంకె ఉండాలి అని. ఆ సిస్టమ్‌లో ఎంత మెమరీ ఉందో పాత ఫోటోషాప్ సరిగ్గా లెక్కించుకోలేకపోవడమే కారణం. రిజిస్ట్రీలో మెమరీ అంకెని చేతితో ఇస్తే పోతుంది గానీ, రిజిస్ట్రీ అలవాటు లేనివాళ్లు తెలిసినవాళ్ల చేత చేయించుకోవడమే మంచిది.

తెర మీద ముక్కలు, నల్లటి గళ్లు, వణుకు

సీఎస్4 నుంచి ఫోటోషాప్ బొమ్మని చూపించడానికి గ్రాఫిక్స్ కార్డుని వాడుకోవడం మొదలుపెట్టింది. పాత కార్డు, పాత డ్రైవర్ అయితే బొమ్మ చిరిగినట్టు, ఖాళీగా, గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. ప్రిఫరెన్సెస్, పర్ఫార్మెన్స్‌లో సీఎస్4, సీఎస్5లకి ‘ఎనేబుల్ ఓపెన్‌జీఎల్ డ్రాయింగ్’, సీఎస్6కి ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ టిక్ తీసేసి ఫోటోషాప్ మూసి తెరవండి. బాగుపడితే కార్డు తయారుచేసిన కంపెనీ ఇచ్చిన విండోస్ 7 డ్రైవర్ వేసి, మళ్లీ టిక్ పెట్టి చూడండి. బాగుపడకపోయినా టిక్ లేకుండా ఆల్బమ్ పని నిక్షేపంగా సాగుతుంది. 7.0 వాడేవాళ్లకి విండో వణుకుతుంటే ఐకాన్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌కి వెళ్లి ‘డిజేబుల్ డెస్క్‌టాప్ కంపోజిషన్’ టిక్ పెట్టండి.

తెలుగు అక్షరాలు రావడం లేదు

ఇది మనవాళ్లకే ప్రత్యేకమైన తలనొప్పి, ఇంగ్లీషు గైడ్‌లలో దొరకదు. అందుకే వివరంగా చెబుతాను.

అను స్క్రిప్ట్ మేనేజర్ (తెలుగు కీబోర్డ్ సాఫ్ట్‌వేర్) నడుస్తోంది, నోట్‌ప్యాడ్‌లో కీబోర్డ్ పనిచేస్తోంది, ఫోటోషాప్‌లో మాత్రం ఇంగ్లీషే పడుతోంది. ఇలా ఉంటే మొదట చూడాల్సింది ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’. విస్టా నుంచి విండోస్‌లో ఒక భద్రతా నియమం ఉంది: అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచే ప్రోగ్రామ్ కీబోర్డ్‌లోకి మామూలు హోదాలో నడిచే ప్రోగ్రామ్ చొరబడలేదు. ఫోటోషాప్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, కీబోర్డ్ సాఫ్ట్‌వేర్‌ని మామూలుగా తెరిస్తే అది నొక్కిన అక్షరాన్ని మార్చలేదు. రెండింటినీ ఒకే హోదాలో తెరవండి. ఫోల్డర్‌లోంచి ఫోటోని లాగి ఫోటోషాప్‌లో వదిలితే పడటం లేదన్న ఫిర్యాదుకీ మూలం ఇదే.

కొన్ని అక్షరాలు మాత్రమే తప్పుగా పడుతున్నాయా? ‘స్మార్ట్ కోట్స్’ టిక్ తీసేయండి. పాత తెలుగు ఫాంట్లలో కొటేషన్ గుర్తు ఉండాల్సిన చోట ఒక తెలుగు అక్షరం కూర్చుని ఉంటుంది. స్మార్ట్ కోట్స్ ఆ గుర్తుని వంకర గుర్తుగా మార్చేసరికి వేరే అక్షరం పడుతుంది. 7.0లో ఇది ప్రిఫరెన్సెస్‌లోని జనరల్‌లో ఉంటుంది, తర్వాతి వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్‌లో.

వేరే షాపు నుంచి వచ్చిన పీఎస్‌డీ (ఫోటోషాప్ సొంత రకం ఫైల్) తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తే ఆ ఫాంట్ మీ దగ్గర లేదని అర్థం. టెక్స్ట్ లేయర్లు అప్‌డేట్ చేయమంటారా అని అడిగితే వద్దనండి. అవతలివాళ్లు ఏ ఫాంట్‌లో టైప్ చేశారో అడిగి, అదే వెర్షన్ వేసుకుని మళ్లీ తెరవండి. మీరు ఫైల్ పంపేటప్పుడు ఒక కాపీలో లేయర్ మెనూ, టైప్, కన్వర్ట్ టు షేప్ (సీఎస్6లో అయితే నేరుగా టైప్ మెనూలో) చేసి పంపితే అవతల ఏ ఫాంటూ అవసరం లేదు.

యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు) సంగతి వేరు. ఫోన్‌లో వచ్చిన తెలుగు మెసేజ్‌ని 7.0లోనో సీఎస్3లోనో పేస్ట్ చేసి చూడండి. ‘విద్య’ అన్న మాటలో ద కింద య వత్తు చేరదు. ద, పొల్లు, య విడివిడిగా నిలబడతాయి. విండోస్‌లో గౌతమి, వాణి ఫాంట్లు ఉన్నా అంతే. ఎందుకంటే అక్షరాలని కలిపే పని ఆ ఫోటోషాప్‌కి రాదు. ఏ సెట్టింగ్ మార్చినా కుదరదు, వెతుకుతూ టైమ్ వృథా చేసుకోకండి. లిబ్రేఆఫీస్ డ్రా లాంటి దాంట్లో టైప్ చేసి, పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ పీడీఎఫ్‌ని ఫోటోషాప్‌లో తెరవండి. రిజల్యూషన్ అడుగుతుంది, 300 ఇవ్వండి. వత్తులు, గుణింతాలు పొందిగ్గా వస్తాయి. సీఎస్6 తర్వాత వచ్చిన సీసీ (క్రియేటివ్ క్లౌడ్) వెర్షన్లు ఉన్నవాళ్లు ప్రిఫరెన్సెస్, టైప్‌లో ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అన్న ఆప్షన్ కనిపిస్తే అది ఎంచుకుని నేరుగానే టైప్ చేసుకోవచ్చు.

తెల్లని పేజీ పసుపుగా కనిపిస్తే

ఫోటోషాప్‌లో కొత్త తెల్ల పేజీ తెరవండి. పక్కనే పెయింట్‌లో ఒక తెల్ల పేజీ. పెయింట్‌లో తెల్లగా, ఫోటోషాప్‌లో పసుపుగా ఉంటే మానిటర్ కలర్ ప్రొఫైల్ చెడ్డది. కంట్రోల్ ప్యానెల్‌లో కలర్ మేనేజ్‌మెంట్ తెరిచి, మీ మానిటర్ ఎంచుకుని, ‘యూజ్ మై సెట్టింగ్స్’ టిక్ పెట్టి, ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌ని యాడ్ చేసి డిఫాల్ట్ చేయండి. దీన్ని సరిచేయకుండా ఆ తెర చూసి పెళ్లికూతురి ముఖానికి రంగులు దిద్దితే ల్యాబ్ నుంచి ప్రింట్లు నీలంగా వస్తాయి.

ఫైళ్లు తెరుచుకోవు, సేవ్ కావు

‘ఇన్‌వాలిడ్ జేపెగ్ మార్కర్’ అంటే చాలాసార్లు ఆ ఫైల్ జేపెగ్ కానే కాదు. వెబ్‌పీ ఫైల్‌కి ఎవరో జేపీజీ అని పేరు తగిలించి ఉంటారు. ఐఫోన్ నుంచి వచ్చే హెచ్‌ఈఐసీ ఫోటోలని కూడా పాత ఫోటోషాప్ గుర్తుపట్టదు. విండోస్ 7లో పనిచేసే గింప్ 2.10 వేసుకోండి, ఉచితం. రెండు రకాలనీ తెరిచి మామూలు జేపెగ్‌గా ఇస్తుంది. ఫోటోలు పంపే కస్టమర్‌కి ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, ‘మోస్ట్ కంపాటిబుల్’ పెట్టమని చెప్పండి. కొత్త కెమెరా రా ఫైళ్లు తెరుచుకోకపోతే అడోబీ వారి డీఎన్‌జీ కన్వర్టర్ ప్రోగ్రామ్‌తో మార్చుకోవాలి. అందులో కంపాటిబిలిటీని మీ ఫోటోషాప్‌లోని పాత ‘కెమెరా రా’ ప్లగిన్ వెర్షన్‌కి పెట్టడం మరిచిపోవద్దు.

సేవ్ కాకపోతే సైజు చూడండి. పీఎస్‌డీ 2 జీబీ దాటదు. అంతకు మించితే పెద్ద ఫైళ్ల కోసం సీఎస్ నుంచి ఉన్న పీఎస్‌బీ రకం వాడాలి. ఫ్యాట్32 పెన్ డ్రైవ్ 4 జీబీ మించిన ఫైల్‌ని తీసుకోదు. ముందు హార్డ్ డిస్క్‌లో సేవ్ చేసి, తర్వాత పెన్ డ్రైవ్‌కి కాపీ చేసే అలవాటు చేసుకోండి. సేవ్ యాజ్‌లో జేపెగ్ కనిపించకపోతే ఇమేజ్, మోడ్‌లో 16 బిట్ ఉందేమో చూసి 8కి మార్చండి.

ఇంకా తీరకపోతే యంత్రం వైపు చూడండి

ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో ‘డిస్క్’ పేరుతో ‘బ్యాడ్ బ్లాక్’ అని ఎంట్రీలుంటే మిగతా పనులన్నీ ఆపి ముందు ఫోటోలు వేరే డిస్క్‌కి కాపీ చేయండి. ఆ డిస్క్‌ని నమ్మకూడదు. ర్యామ్‌కి విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది, రాత్రి షాపు మూసేటప్పుడు పెట్టి వెళ్లండి. ఉదయం ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్లు వెనక్కి వెళ్తుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పుగా ఉంటే లైసెన్స్ ఎర్రర్లు కూడా వస్తాయి, ఆ చిన్న బ్యాటరీ మారిస్తే చాలు.

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. ఎక్స్‌పీకి 2014లోనే. క్రోమ్ కూడా 109వ వెర్షన్‌తో విండోస్ 7ని వదిలేసింది. డిజైనింగ్ సిస్టమ్‌కి నెట్ తీసేయండి. వాట్సాప్, మెయిల్ వేరే సిస్టమ్‌లో చూసుకోండి. కస్టమర్ పెన్ డ్రైవ్ పెట్టగానే ఆటోప్లే రాకుండా ఆపేసి, ముందు స్కాన్ చేయండి. క్రాక్ వేసిన కాపీ అయితే పైన చెప్పినవేవీ నిలకడగా పనిచేస్తాయని హామీ లేదు. ఏ ఫైల్‌ని ఎవరు మార్చారో తెలియని సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతకడం చాలా కష్టం.

ఇన్ని చేశాక కూడా ఫార్మాట్ తప్పదంటే చేయించండి. కానీ అసలు సీడీ, సీరియల్ నంబర్ చేతిలో ఉన్నాయో లేదో చూసుకున్నాకే. సీఎస్2 యాక్టివేషన్ సర్వర్లని అడోబీ ఎప్పుడో మూసేసింది, 2017 నుంచి సీఎస్6 అమ్మకం కూడా లేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే యాక్టివేట్ అవుతుందన్న భరోసా లేనప్పుడు, పాత హార్డ్ డిస్క్‌ని చెరపకుండా తీసి పక్కన పెట్టండి. కొత్త డిస్క్ మీద విండోస్ వేయించుకోండి.